పాత ఇల్లు రిపేరు 45 రోజుల్లో అవుతుందా?

మలక్‌పేట వాసి: అన్నలూ, నాన్న 1984లో కట్టిన ఇల్లు, గ్రౌండ్ ఫ్లోరే. షాబాద్ బండలు తీసి టైల్స్, వైరింగ్ మొత్తం కొత్తది, 2 బాత్రూములు, స్లాబ్ లీకేజీ, పెయింటింగ్. మేస్త్రి 45 రోజులంటున్నాడు, జూన్‌లో మొదలుపెడదామని. నమ్మొచ్చా?

ఒకసారి కాలినోడు: 45 రోజులు మేస్త్రి క్యాలెండర్‌లో బ్రో 😀 మాకూ అదే చెప్పారు, 4 నెలలు పట్టింది. పగలగొట్టి మట్టి ఎత్తేసరికే 10 రోజులు, బాత్రూం గోడ తవ్వితే పాత జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు చేత్తో పట్టుకుంటే బిస్కెట్‌లా విరిగింది, ఇక పైపులన్నీ మార్చాల్సొచ్చింది, అది మా ప్లాన్‌లోనే లేదు. ప్లాస్టరింగ్‌కి కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి, బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 2 రోజులు నీళ్లు నిలబెట్టి గోడల కింద చెమ్మ వస్తుందేమో చూసాకే టైల్స్ వేయించు. గోడ ఆరకముందే పుట్టీ పెడితే పొరలు పొరలుగా లేస్తది.

స్లాబ్ బాధితురాలు: జూన్ అంటే వానలు కదా, స్లాబ్ పని ముందే చేయించుకోండి. మాది పెచ్చులు తీస్తే లోపల రాడ్లు తుప్పు పట్టున్నాయి, ఇంజినీర్‌కి చూపించాకే ముందుకెళ్లాం.

ఉప్పల్ అన్న: బోనాలప్పుడు, దసరాకి లేబర్ దొరకరు, అదీ లెక్కేస్కో.

మలక్‌పేట వాసి: సరే, అద్దె ఇల్లు 2 నెలలకి కాదు, 5 నెలలకి మాట్లాడుకుంటా. నాన్నకి చెప్పడమే ఇప్పుడు పెద్ద పని.