మాయాబజార్‌ను మళ్ళీ తీస్తే చూస్తారా?

గోదావరి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న మా పెదనాన్నగారి ఇంట్లో భోజనాల దగ్గర జరిగిన సంగతి. మా బావ పప్పులో నెయ్యి వేసుకుంటూ, ‘ఇప్పుడున్న గ్రాఫిక్స్‌తో మాయాబజార్ మళ్ళీ తీస్తే ఎలా ఉంటుందంటారు?’ అన్నాడు. మామూలుగానే అన్నాడు. పెదనాన్న చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశారు. ‘ఘటోత్కచుడు ఎవరు?’ అని అడిగారు. బావ ఒక పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను, ఆయన అభిమానులు నన్ను బతకనివ్వరు. పెదనాన్న పెరుగన్నం కూడా తినకుండా లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు.

ఈ విషయంలో నేను పెదనాన్న పక్షమే. 1957లో కె.వి. రెడ్డి గారు, పింగళి, ఘంటసాల, కెమెరామన్ మార్కస్ బార్ట్లే, ఎస్.వి. రంగారావు, సావిత్రి ఒకే చోట చేరారు. అలాంటి కూడిక మళ్ళీ కుదరదు. కుదిరినట్టు నటించిన వాళ్ళ గతి ఏమైందో చూశాం. 1974లో కృష్ణ, విజయనిర్మల దేవదాసును రంగుల్లో తీశారు. జనం మనసులో నాగేశ్వరరావు అంగుళం కూడా కదలలేదు. 2010లో మరోచరిత్రను మళ్ళీ తీసి కథను అమెరికా పంపారు, ఆడలేదు. హిందీలో షోలేను 2007లో రాంగోపాల్ వర్మ తీసిన తీరు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. కట్టిన గుడి పక్కనే అదే గుడిని సిమెంటుతో కట్టడం ఎందుకు? మీరేమంటారు?

నల్లకుంట

పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. పెరుగన్నం వదిలేసేటంత తప్పు మాత్రం మీ బావ అనలేదు.

1957 మాయాబజార్ మొదటిది కాదు. 1936లోనే పి.వి. దాసు శశిరేఖా పరిణయం తీశారు, అందులో శాంతకుమారి శశిరేఖ. అంతకుముందు ఈ కథ నాటకాల్లో ఊరూరా తిరిగింది. ఇంకా వెనక్కి వెళితే వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. ఎవరో కల్పించారు, ఎవరో పాడారు, ఎవరో ఆడారు, చివరికి కె.వి. రెడ్డి గారి దగ్గరికి వచ్చింది. అప్పటికే ఉన్న కథను ముట్టుకోకూడదని ఆయన అనుకుని ఉంటే మీ పెదనాన్నగారు అలగడానికి సినిమాయే ఉండేది కాదు.

గుండమ్మ కథ (1962)? విఠలాచార్య 1958లో కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దానికి మూలం. లవకుశ మరీ విచిత్రం. సి. పుల్లయ్య గారు 1934లో ఒకసారి తీశారు. దాదాపు పాతికేళ్ళ తర్వాత అదే సి. పుల్లయ్య గారు దాన్నే మళ్ళీ మొదలుపెట్టారు. డబ్బు చాలక ఏళ్ళ తరబడి ఆగి ఆగి నడిచింది, చివరికి కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేస్తే 1963లో విడుదలైంది. మనం క్లాసిక్ అని దండం పెట్టుకునే లవకుశ, దర్శకుడు తన సినిమాను తానే మళ్ళీ తీసుకున్నది! ‘పాతది ఉండగా ఎందుకు’ అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే ఎన్.టి. రామారావు రాముడు మనకు ఉండేవాడా?

గోదావరి గట్టు

పుల్లయ్య గారి సంగతి నాకు తెలియదు. మీకు రెండు వీరతాళ్ళు.

కానీ ఒక తేడా ఉంది. 1963లో లవకుశ చూడటానికి బండ్లు కట్టుకుని వచ్చిన వాళ్ళలో 1934 నాటిది మళ్ళీ చూసే వీలున్నవాళ్ళు ఎందరు? ఒకసారి ఊరు దాటిన సినిమా దాటినట్టే. అందుకే మళ్ళీ తీయడం అంటే మళ్ళీ నాటకం వేయడంలాంటిది. ఇప్పుడు అలా కాదు, పాతది నా ఫోనులోనే ఉంది. అడిగిన క్షణంలో వస్తుంది. అది పక్కనే కూర్చుని చూస్తూ ఉండగా కొత్తది తీయాలి. కొత్త కోడలిని అత్తగారి ఫొటో కింద కూర్చోబెట్టినట్టు.

నల్లకుంట

ఆ పోలిక బాగుంది. ఒప్పుకుంటాను, పూర్తిగా కాదు.

అట్లపెనం

నేను డాలస్ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి తొమ్మిది, బాబుకి ఆరు. నలుపు తెలుపు అనగానే ఇద్దరూ సోఫా దిగి పారిపోయారు. అప్పుడు 2010లో రంగులద్ది విడుదల చేసిన మాయాబజార్ పెట్టాను. పద్యాలు వచ్చినప్పుడు అటూ ఇటూ తిరిగారు. శకుని పాచికలు అర్థం కాలేదు. కానీ పెళ్ళివారి విడిదిలో ఆ గింబళి తనంతట తాను చుట్టుకుపోయేసరికి మా బాబు గట్టిగా అరిచాడు. నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు. అయిదోసారి మా ఇంట్లోని కార్పెట్ అంచు పట్టుకుని లాగి, ‘ఇది గింబళి కాదు, కంబళి’ అని తీర్పు చెప్పాడు. ఈ పిల్లవాడు రోజూ కోట్లు పోసి తీసిన గ్రాఫిక్స్ చూసే పిల్లవాడే.

కాబట్టి మళ్ళీ తీయాలా వద్దా అని నన్ను అడిగితే, నా పిల్లల కోసమైతే అక్కర్లేదు. రంగులు కావలసి వచ్చాయి, నిజమే. ఆ రంగులే లేకపోతే మొదటి పది నిమిషాలు కూడా గడిచేవి కావు. రంగులద్దడం అపచారమని ఇంకెక్కడో ఎవరో రాస్తే చదివాను. వారి ఇంట్లో ఆరేళ్ళ పిల్లలు లేరని నా అనుమానం.

తెరచాటు

రంగులద్దడం అపచారం అని రాసింది నేనే అయి ఉండవచ్చు! వెన్నెలను బార్ట్లే తెలుపు నలుపుల్లోనే పుట్టించారండీ. దాని మీద నీలం పూస్తే అది వెన్నెల కాదు, ట్యూబులైటు. పిల్లల మాట వేరు, ఒప్పుకుంటున్నాను.

అసలు విషయానికి వస్తే, శ్రీరామరాజ్యం (2011) గురించి ఎవరూ మాట్లాడలేదేం? లవకుశను మళ్ళీ తీయడమంటే అదే కదా. మా అమ్మమ్మను తీసుకెళ్ళాను. అప్పటికి ఆవిడకు ఎనభై దాటాయి. లవకుశ ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. ఇంటర్వెల్‌లో ‘ఎలా ఉంది?’ అంటే, ‘బొమ్మలు బాపువి’ అన్నారు. మెచ్చుకోలో కాదో నాకు తెలియలేదు. రెండో సగంలో సీతమ్మ కష్టాలు వచ్చేసరికి చీర కొంగు కళ్ళకు పెట్టుకున్నారు, కానీ పెదవులు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. తెర మీద ఇళయరాజా పాట వస్తుంటే ఆవిడ లోపల ఘంటసాల పాట పాడుకుంటున్నారు. రెండూ కలిసి ఆవిడను ఏడిపించాయి.

బాపు గారు రామారావును మరిపించాలని పోటీ పడలేదు. తన కుంచెలో ఉన్న రాముణ్ణి తీశారు. పాత లవకుశలో నాగయ్య గారు వేసిన వాల్మీకిని నాగేశ్వరరావు గారికి ఇచ్చి పెద్దరికం నిలబెట్టారు. అందుకే అది నిలబడింది. సన్నివేశానికి సన్నివేశం దించితే అమ్మమ్మ ఇంటర్వెల్‌కే ఇంటికి పద అనేవారు.

ఇందులో రాముడు వేసిన బాలకృష్ణ గారే 2004లో నర్తనశాల మొదలుపెట్టారు, ద్రౌపది సౌందర్య. ఆమె పోవడంతో ఆగిపోయింది. తీసినంత వరకు, పదిహేడు నిమిషాలు, 2020లో విడుదల చేశారు. చూస్తూ ఉంటే సినిమా బాగుందా లేదా అన్న ఆలోచనే రాదు. సౌందర్యను చూస్తాం, అంతే.

అల్లం పచ్చడి

గుండమ్మ కథ రీమేక్ చేస్తారని ఎన్నేళ్ళుగా వింటున్నామో! హీరోల పేర్లు మారుతుంటాయి కానీ గుండమ్మ ఎవరో ఎవరూ చెప్పరు. అక్కడే బండి ఆగుతుంది. సూర్యకాంతం గయ్యాళితనంలో ఒక అమాయకత్వం ఉంది. ఆవిడ అరుస్తుంటే కోపం వస్తుంది, మోసపోతే జాలి వేస్తుంది. ఇప్పుడు రాస్తే ఆమెను పూర్తి విలన్‌ను చేస్తారు, లేదా పూర్తి హాస్యగత్తెను చేస్తారు. అయినా కొత్తగా తీయడం ఎందుకు, రోజూ సాయంత్రం ఏ ఛానెల్ పెట్టినా సీరియల్లో నలుగురు గుండమ్మలు ఉన్నారు కదా.

నల్లకుంట

తెరచాటు గారూ, మీ అమ్మమ్మగారి మాటతో నా వాదన సగం తేలికైంది. దేవదాసు చూడండి. శరత్ నవల 1917లో వచ్చింది. 1935లో పి.సి. బరువా బెంగాలీలో తీశారు, మరుసటి ఏడు హిందీలో సైగల్‌తో. 1953లో మనది. 1955లో బిమల్ రాయ్. 2002లో భన్సాలీ. ప్రతివాడూ అంతకుముందు వాడి దేవదాసును చూసే ఉంటాడు. 2009లో అనురాగ్ కశ్యప్ ‘దేవ్ డి’ తీసి దేవదాసును పంజాబుకు, ఢిల్లీ రాత్రుల్లోకి లాక్కెళ్ళాడు. ఆ కుర్రాడి మీద జాలి పడటానికి ఒప్పుకోలేదు. నవలతో పోట్లాడాడు. నాకు ఆ సినిమా పూర్తిగా నచ్చలేదు కానీ ఎందుకు తీశాడో తెలుస్తుంది. 1974 నాటి దానికి రంగు తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

మరోచరిత్ర కూడా అంతే. తమిళ కుర్రాడు, తెలుగు అమ్మాయి, మధ్యలో భాష అనే గోడ. 1978లో బాలచందర్ దాన్ని తెలుగులోనే తీస్తే మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. మూడేళ్ళకు ఆయనే హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీశారు, కమల్‌హాసనే హీరో. దేశమంతా ఆడింది. రీమేకే కదా! ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో ఆయనకు తెలుసు కాబట్టి చేయగలిగారు.

ఖాళీ కుర్చీ

హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఆ లెక్కన 1957 సినిమాకు 2017 చివరితో, 1963 వాటికి 2023 చివరితో గడువు ముగిసింది. కానీ మాటలకు, పాటలకు లెక్క వేరు, రాసినవారు, బాణీలు కట్టినవారు పోయాక 60 ఏళ్ళు. పింగళి గారు 1971లో పోయారు, ఘంటసాల గారు 1974లో. అంటే బొమ్మ ఊరందరిదీ అయినా ‘అసమదీయులు’ అన్న మాటలు రాసిన ఆ స్క్రిప్టు ఇంకా కొన్నేళ్ళు కాదు. కోర్టుకు వెళితే వాదనలు ఎటైనా తిరగవచ్చు. మీ బావగారు నిర్మాత అయితే ముందు వకీలును చూసుకోమనండి.

గోదావరి గట్టు

మా బావ ఎరువుల దుకాణం పెట్టుకున్నాడండీ. భయం లేదు.

ప్రొజెక్టరు గది

ఇన్నాళ్ళూ చదివేవాణ్ణే, రాయడం ఇదే మొదలు. 1980ల్లో మొదలుపెట్టి పదకొండేళ్ళు టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా చేశాను. మీరంతా ‘పాతది ఉంది కదా’ అంటున్నారు. ఏది ఉంది అని నా ప్రశ్న.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది, అంటే 16,500 అడుగుల పైమాట. మా డేరాకు వచ్చేసరికి ఆ ప్రింటు ఎన్ని ఊళ్ళు తిరిగి ఉంటుందో దేవుడికే తెలియాలి. గీతలు పడి తెర నిండా వాన. పక్కన రంధ్రాలు చిరిగి ఉంటాయి. ఆట నడుస్తుండగా ఫట్‌మని తెగుతుంది, జనం ఈలలు. చీకట్లో బ్లేడుతో అంచు గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి, నొక్కి పట్టుకుని అతికించాలి. అతికిన ప్రతిసారీ ఒకటో రెండో ఫ్రేములు పోతాయి. శబ్దం బొమ్మ కంటే ఇరవై ఫ్రేములు ముందు ఉంటుంది కాబట్టి బొమ్మ ఒక చోట ఎగురుతుంది, మాట ఇంకో చోట ఎగురుతుంది. ఒకసారి వివాహ భోజనంబు పాటలో రీలు ప్రొజెక్టరు గేటులో ఇరుక్కుని పది అడుగులు నలిగిపోయింది. కోసి పారేశాను. ఆరేడు సెకన్లు. ఆ పది అడుగుల్లో లడ్లు పోయాయి. మా డేరాలో ఆ పాట నేర్చుకున్న పిల్లలు అరిసెల తర్వాత నేరుగా జిలేబీకి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు యాభై దాటిన వాళ్ళు, పెళ్ళిళ్ళలో అలాగే పాడతారు. పాట తప్పు అని వాళ్ళకు తెలియదు.

మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) ఎక్కడుంది? లేదు. 2003లో పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నిప్పంటుకుని పాత నైట్రేటు ఫిల్ములు తగలబడ్డాయి. కొత్తగా తీయండి, వద్దని ఎవరన్నారు. ఆ డబ్బులో వందో వంతు పెట్టి ఉన్న నెగెటివులను చల్లని గదిలో పెట్టించి, శుభ్రం చేయించి, స్కాన్ చేయించండి. వెడల్పు తెరకు సరిపోవాలని పైనా కిందా కోయకండి. ఆ బొమ్మ దాదాపు చదరంగా తీసింది. కోస్తే కిరీటమైనా పోతుంది, పాదాలైనా పోతాయి.

తెరచాటు

దీని తర్వాత నేను వాదించను.

అల్లం పచ్చడి

నేను వాదిస్తాను. ప్రింటు కాపాడటం, మళ్ళీ తీయడం వేరువేరు పనులు. ఒకటి చేస్తే రెండోది చేయకూడదని లేదు కదా? పైగా కొత్తది వస్తే పాతది వెతుక్కుని చూసేవాళ్ళు పెరుగుతారు.

నల్లకుంట

పెరుగుతారు. సరిపోల్చి తిట్టడానికైనా చూస్తారు.

అట్లపెనం

ఆపరేటరుగారూ, మీరు కోసిన పది అడుగులు ఏం చేశారు?

ప్రొజెక్టరు గది

మా మేనల్లుడు కళ్ళద్దాలు చేసుకున్నాడమ్మా, అట్టముక్కకు అతికించి. ఎండలో పెట్టుకుని తిరిగేవాడు.

గోదావరి గట్టు

ఇదంతా పెదనాన్నకు చదివి వినిపించాను. లవకుశ సంగతి ముందే తెలుసన్నారు. నాకు నమ్మకం లేదు. బావ మీద కోపం తగ్గలేదు. కానీ ఆపరేటరుగారి భాగం రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ వివాహ భోజనంబు మొదటి నుంచి పాడి చూసుకున్నారు. గారెలు, బూరెలు, అరిసెలు అయ్యాక ఒక్క క్షణం ఆగారు. లడ్లు వచ్చాయి.

‘మన ఊరి ప్రింటు మంచిదేరా’ అన్నారు.