ఇంటి నుంచి చేసే ఉద్యోగానికి ఏ చట్టం వర్తిస్తుంది?

ప్రశ్న (హనుమకొండ)
నాలుగేళ్లుగా హనుమకొండలోని మా ఇంటి నుంచే హైదరాబాదులోని ఒక సంస్థకు సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలని మెయిల్ వచ్చింది. నియామక పత్రంలో పనిచేసే చోటు హైదరాబాద్ అనే ఉంది. ఇంటి నుంచి చేసుకోవచ్చన్నది మేనేజర్ నోటిమాటే తప్ప కాగితం లేదు. రాత్రి 10 గంటలకూ కాల్స్ ఉంటాయి, కరెంటు పోతే ఇన్వర్టర్ నాదే, మొన్న దాని బ్యాటరీ మార్చిన ఖర్చూ నాదే. ఇంటి నుంచి పనిని హక్కుగా అడగవచ్చా? కనీసం గంటలకూ ఖర్చులకూ లెక్క అడగవచ్చా?

జవాబు (కార్మిక కేసులు చూసే న్యాయవాది, వరంగల్)
హక్కుగా అడిగే వీలు లేదండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇంటి నుంచి పని అనే మాట చట్టంలోకి వచ్చింది గానీ, అది సెలవు ముగిసిన తల్లికి, పని స్వభావం అనుమతిస్తే, యజమానితో కుదిరిన మేరకే. చాలామంది చూపించే 2022 జులై నాటి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నిబంధన 43ఎ ఉద్యోగి కోసం రాసింది కాదు. సుంకం లేకుండా తెచ్చిన ల్యాప్‌టాప్‌ను సెజ్ గేటు దాటించి పని చేయించుకోవడానికి సంస్థకు ఇచ్చిన అనుమతి. సేవారంగానికి కేంద్రం 2020 చివర్లో తెచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్ల (ఉద్యోగ షరతుల నియమావళి) ముసాయిదా కూడా ఈ విషయాన్ని ఇరుపక్షాల ఒప్పందానికే వదిలేసింది.

గంటల సంగతి వేరు. 1988 నాటి తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం నుంచి ఐటీ సంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, వారానికి 48 గంటలు దాటితే ఓటీ (అదనపు గంటల వేతనం) ఇవ్వాలన్న షరతు ఉంది. మీరు మేనేజర్ స్థాయి హోదాలో లేకపోతే లాగిన్, లాగౌట్ వేళలు దాచుకోండి.

జవాబు (మెట్‌పల్లి)
ఇల్లే పనిచోటు కావడం మన ప్రాంతానికి కొత్త కాదు. మా అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, సాయంత్రం బీడీలు కార్ఖానాకు తీసుకెళ్లేది. గుమస్తా చూసి నచ్చనివి పక్కకు తీసేవాడు, వాటికి కూలి లేదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారినీ ఉద్యోగులుగానే గుర్తించింది. వీళ్లపై మాకు పర్యవేక్షణే లేదు, పీఎఫ్ ఎందుకు కట్టాలని యజమానులు వాదిస్తే, 1985లో సుప్రీంకోర్టు బాగాలేని బీడీలను తిరస్కరించే అధికారమే నియంత్రణ అని తేల్చింది. చాట మీదే అంత నియంత్రణ కనిపిస్తే, నిమిషం నిమిషం లెక్కపెట్టే ల్యాప్‌టాప్ మాటేమిటి?

జవాబు (న్యాయవాది)
బాగా గుర్తు చేశారు. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు కూడా హైదరాబాద్ ప్రాంతం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టినా దర్జీ ఉద్యోగే అన్నారు. అయితే ఈ తీర్పులు ఉద్యోగి అన్న గుర్తింపును కాపాడతాయి తప్ప పనిచోటును ఎంచుకోనివ్వవు. ఖర్చుల విషయంలో పోర్చుగల్ ముందుంది: 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి చట్టం ప్రకారం ఇంటి పని వల్ల పెరిగిన కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు యజమానివే, విశ్రాంతి వేళ ఉద్యోగిని సంప్రదించకూడదు. మనకు అలాంటి నిబంధన లేదు కనుక ఒప్పందంలో రాయించుకోవాలి.

ప్రశ్న వేసినవారు
ధన్యవాదాలు. చోటు గురించి వాదించను. మిగిలిన ఒక్క రోజైనా ఇంటి నుంచే అని కాగితం మీద ఇమ్మని, రాత్రి కాల్స్‌ను పనిగంటల్లో కలపమని రేపే మెయిల్ పెడతాను. ఇన్వర్టర్ బ్యాటరీ బిల్లు కూడా జత చేస్తాను. ఇవ్వకపోయినా అడిగినట్టు ఉంటుంది.