డిసెంబర్ 12 శైలేంద్ర పాటల సాయంత్రం: ఎవరు ఏం చూస్తున్నారో ఇక్కడే రాయండి

అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది, డిసెంబర్ 12 శనివారం సాయంత్రం 5 నుంచి 9 వరకు. కౌన్సిల్ వాళ్ళు 10కి తాళం వేసేస్తారు కాబట్టి కుర్చీలు మడిచి, కిచెన్ తుడిచి 9.45 కల్లా బయట ఉండాలి, పోయినసారిలా ఇద్దరి మీదే పడకూడదు. ముందు 14న అనుకున్నాం కానీ అది సోమవారం. హిందీ సినిమా పాటల రచయిత శైలేంద్ర 1966లో పోయింది డిసెంబర్ 14న, రాజ్ కపూర్ పుట్టినరోజు నాడే, 43 ఏళ్ళకే. ఈసారికి 60 ఏళ్ళు.

మీటింగ్‌లో పెద్దాయన అడిగారు కదా, తెలుగు సంఘం హిందీ పాటలాయన మీద ప్రోగ్రాం ఎందుకు పెట్టాలమ్మా అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తాను బాబాయ్ గారూ.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు. 1974 మే రైల్వే సమ్మెలో గేటు ముందు అరిచిన నినాదం ఇప్పటికీ అడగ్గానే అందుకుంటారు, "హర్ జోర్ జుల్మ్ కీ టక్కర్ మే హడ్తాల్ హమారా నారా హై" అని, అంటే ప్రతి దౌర్జన్యానికీ ఎదురు సమ్మే మా నినాదం అని. అది రాసింది శైలేంద్ర అని పోయిన నెలలో నేను చెప్తే నమ్మలేదు, యూనియన్ వాళ్ళెవరో కట్టుకున్నారనుకున్నా ఇన్నాళ్ళూ అన్నారు. ఆయన కూడా బొంబాయి మాటుంగా రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసినవాడే నాన్నా అంటే చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ మనిషి గురించే ఈ సాయంత్రం. ఉత్త ఆర్కెస్ట్రా నైట్ అయిపోతే నాకు బాధగా ఉంటుంది.

మ్యూజిక్ టీం: అక్కా, 14 పాటల లిస్ట్ పెట్టాను, చూసి చెప్పండి. 'దునియా బనానేవాలే' మా ఆవిడ పాడతానంటోంది.

చూశాను తమ్ముడూ, లిస్ట్ బాగుంది కానీ ఆ పాట హస్రత్ జైపురిది. శైలేంద్ర తీసిన తీస్రీ కసమ్ సినిమాలోదే కాబట్టి అందరూ శైలేంద్ర అనే అనుకుంటారు. సంగీత దర్శకులు శంకర్ జైకిషన్‌ల జంటకి ఈయనా హస్రత్ గారూ ఇద్దరూ రాసేవాళ్ళు, ఒకే సినిమాలో పాటలు పంచుకుని. ఆవిడకి అదే సినిమాలో 'సజన్ రే ఝూట్ మత్ బోలో' ఇద్దాం. దేవుడి దగ్గరికి పోవాలి, అక్కడ ఏనుగు లేదు గుర్రం లేదు, నడిచే పోవాలి అంటాడు. పాడేది ఎవరు, బతుకంతా ఎడ్లబండి మీదే గడిపిన హీరామన్! మన తత్వాలు విన్నవాళ్ళకి అది విడమరిచి చెప్పక్కర్లేదు. గైడ్ నుంచి రెండు చాలు, మూడొద్దు. బందినీ నుంచి ఒకటైనా ఉండాలి. 'మై గావూఁ తుమ్ సో జావో' చివర్లో పెట్టండి. ఆయనకొచ్చిన మూడో ఫిల్మ్‌ఫేర్ అవార్డు దానికే, అప్పటికి ఆయన లేరు.

స్టేజ్ టీం: యాంకరింగ్‌కి 12 నిమిషాలు ఎక్కువ కదా? పిల్లల డాన్సులు రెండు వెయిటింగ్‌లో ఉన్నాయి.

పాటల మధ్య మాటలు తగ్గిస్తాను, కానీ రెండు కథలు మాత్రం తీయనివ్వను. మొదటిది రాజ్ కపూర్ సినిమా బర్సాత్‌కి ముందుది. దేశవిభజన రోజుల్లో ఆయన చదివిన కవిత విని రాజ్ కపూర్ కొంటానంటే అమ్మనన్నారు. తర్వాత ఇంట్లో ఇబ్బందయ్యి, భార్య కడుపుతో ఉంటే, తనే వెళ్ళి అడిగారు. బర్సాత్‌లో రెండు పాటలకి 500 రూపాయలు. ఆ తర్వాతే ఆవారా, శ్రీ 420 అన్నీ.

రెండోది తీస్రీ కసమ్. ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ మీద మనసు పడి, తనే నిర్మాతగా దిగి, ఏళ్ళ తరబడి తీసి అప్పులపాలయ్యారు. ముగింపులో బండివాడు హీరామన్‌నీ, నాట్యం చేసే హీరాబాయినీ కలిపేయమంటే ఒప్పుకోలేదు. రిలీజైనప్పుడు ఆడలేదు, ఆయన పోయాక జాతీయ ఉత్తమ చిత్రం అయింది. ఇది చెప్పకుండా ఆ సినిమా పాటలు పాడిస్తే ఏం లాభం చెప్పండి. పైగా అందులో హీరాబాయి వహీదా రెహమాన్, అంటే మన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడినావిడే. ఆ పాట రాసిన కొసరాజు గారు పొలం మాటలతో చేసింది ఈయన భోజ్‌పురి పల్లె మాటలతో చేశారని నాకనిపిస్తుంది. ఆ ముక్క ఒక్క నిమిషంలో చెప్తాను. డాన్సు ఒకటి తగ్గించండి ప్లీజ్, తల్లిదండ్రులతో నేను మాట్లాడతా.

ఆదివారం రిహార్సల్ తర్వాత: పిల్లల కోరస్, శ్రీ 420లోని 'రామయ్యా వస్తావయ్యా' అదిరింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఆపి మరీ అడిగింది, ఆంటీ ఇది తెలుగే కదా, హిందీ పాటలోకి ఎలా వచ్చింది అని. శంకర్ జైకిషన్‌లలో శంకర్ గారు హైదరాబాద్‌లో పెరిగారని, తెలుగు వచ్చని, ఆ మాటకి శైలేంద్ర గారు మిగతా పాటంతా కట్టారని చెప్పాను. ఇక చూడండి, 'వస్తావయ్యా' దగ్గర పిల్లలందరి గొంతూ ఒక్కసారి లేచింది, హిందీ చరణాల్లో మాత్రం తడబడుతున్నారు. చరణాలు తెలుగు లిపిలో పెద్దక్షరాలతో ప్రింట్ తీసేవాళ్ళు ఒకరు కావాలి, 20 కాపీలు.

ఇంకా మిగిలినవి: పులిహోర, దద్దోజనం ఖాయం, బజ్జీలకి హాల్లో ఫ్రయ్యర్ వాడనివ్వరు కాబట్టి మానేద్దాం. సౌండ్ చెక్ 3.30కి. తబలా ఆయన్ని స్టేషన్ నుంచి తీసుకురావడానికి కారు కావాలి.

చివరగా ఒకటి. బర్సాత్ కథ కంటే ముందు నాన్న స్టేజి మీదకొచ్చి ఆ నినాదం ఒక్కసారి అంటానన్నారు, ఒప్పించడానికి నాకు మూడు రోజులు పట్టింది. చేయి వణుకుతుంది, మైకు పట్టుకోలేరు. స్టాండ్ మైకు, చేతులున్న కుర్చీ ఒకటి ఎవరి దగ్గరుంటే వాళ్ళు కింద రాయండి.