రోజూ మూడు మంచి విషయాలు రాసుకోవడం మీకెవరికైనా పనిచేసిందా?

రెండోఏడు_నర్సింగ్: మా మేడం రోజూ రాత్రి పడుకునేముందు మూడు మంచి విషయాలు రాసుకోమన్నారు. మొదటిరోజు బాగానే రాశా. నాలుగోరోజుకి "అమ్మానాన్న, హాస్టల్ అన్నం, ఫ్రెండ్స్" అని నిన్నటిదే ఎక్కించేశా. పొద్దున్నే వార్డు, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి కేర్ ప్లాన్లు. ఇంక దేనికి థాంక్స్ చెప్పాలో తోచట్లేదు.

కాకినాడ_కోడలు: మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి మూడేళ్లు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రిళ్లు కూడా. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "సేవ చేసుకునే అదృష్టం అందరికీ రాదమ్మా" అని కాఫీ తాగి వెళ్తారు. ఆ అదృష్టంలో ఒక్క రాత్రి వాటా తీసుకోమంటే మాత్రం ఎవరూ ఉండరు. అందుకే కృతజ్ఞత అన్న మాట వింటేనే నాకు ముందు ఒళ్లు మండుతుంది.

అయినా ఒకటి చెప్తా. మొన్న దుప్పటి మారుస్తుంటే నా కొంగు మంచం కమ్మీకి చిక్కుకుంది. నేను చూసుకోలేదు. ఆవిడే ఎడంచేత్తో మెల్లగా విడదీసి నా భుజం మీద వేసింది. ఎక్కడా రాయలేదు గానీ రోజంతా అదే కళ్లముందు ఆడింది.

అనాటమీ_బెంచి: ఎంబీబీఎస్ మొదటేడు డిసెక్షన్‌కి, అంటే శవాన్ని కోసి నేర్చుకోవడానికి ముందు మాతో ప్రమాణం చేయించారు, దేహదానం చేసినవాళ్లే మన మొదటి గురువులని. అప్పుడేమీ ఎక్కలేదు, శవం పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. రెండు నెలల తర్వాత చెయ్యి డిసెక్షన్ చేస్తుంటే, మా టేబుల్ మీదున్న పెద్దాయన ఎడమ చూపుడువేలి గోరు మీద ఓటు సిరా చార కనిపించింది. పోయేముందు ఓటేసి, పోయాక ఒళ్లు మాకిచ్చారన్నమాట. ఆరోజు ఎవరూ చెప్పకుండానే దండం పెట్టుకున్నా.

లైబ్రరీ_మూల: ఇలా రాయించి చూసిన పరిశోధనల్లో పేరున్నది 2003లో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసింది. అందులో ఒక భాగంలో విద్యార్థులు రాసింది వారానికి ఒక్కసారే, ఐదు వరకు, పది వారాలు. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లతో మాత్రం 21 రోజులు రోజూ రాయించారు. వాళ్లకి నిద్ర కాస్త మెరుగైందట. కాబట్టి రోజూ మూడే రాయాలన్న పట్టింపేం లేదు. డబుల్ డ్యూటీలు దీంతో తీరతాయని కూడా ఎవరూ అనలేదు, ఆ పేరు చెప్పి మీ నోరు మూయించనివ్వకండి.

నైట్‌డ్యూటీ_అక్క: అసలు మన ఇళ్లలో "కృతజ్ఞతలు" అని ఎవరంటారు? "నీ పుణ్యమా అని గట్టెక్కాం", "చల్లగా ఉండు తల్లీ" అంటారు. ఎప్పుడూ ఓ మనిషినీ ఓ పనినీ పట్టుకునే అంటారు. నేనైతే డ్యూటీ దిగేముందు ఒక్కరికి నోటితోనే చెప్తా. నిన్న మా ఆయమ్మకి చెప్పా, "ఆ వాంతి నువ్వు తుడవబట్టే నేను డ్రిప్ చూసుకోగలిగా" అని. సిగ్గుపడి బకెట్ తీసుకుని పోయింది. నువ్వూ అలాంటిదొక్కటి రాయమ్మా, ఊరికే "ఫ్రెండ్స్" అని కాకుండా.

రెండోఏడు_నర్సింగ్: ఇవాళ ఒక్కటే రాశా. "పదకొండో బెడ్ తాత. క్యాన్యులా సూది రెండుసార్లు తప్పా. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. 'కానియ్ తల్లీ, నువ్వూ నేర్చుకోవాలిగా' అన్నాడు."

నైట్‌డ్యూటీ_అక్క: తాత మంచోడని మూడోసారి గుచ్చలేదు కదా?

రెండోఏడు_నర్సింగ్: లేదక్కా, సిస్టర్‌ని పిలిచా. ఆవిడ ఒక్కసారికే పెట్టేసింది. అయ్యో, ఆవిడకి ఒక్క మాట కూడా చెప్పలేదు.