కష్టాలన్నీ దేవుడి కత్తిరింపులేనా? యోహాను 15పై చర్చ

గుత్తి చదువరి:
అందరికీ వందనాలు. మా వైపు ఆదరణ కూడికల్లో, అంటే కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లి ధైర్యం చెప్పే ప్రార్థనల్లో, ఒక మాట ఆనవాయితీ అయిపోయింది. ఇంటాయన పోయినా, బోరు ఎండినా, బిడ్డ చదువు ఆగినా ‘దేవుడు మిమ్మల్ని కత్తిరిస్తున్నాడు, ఇక ఎక్కువ ఫలిస్తారు’ అంటారు. ఆధారం బైబిలులోని యోహాను సువార్త 15:2. యేసు ద్రాక్షావల్లి, మనం తీగలం, తండ్రి వ్యవసాయకుడు. ఫలించే తీగను ఇంకా ఫలించేలా ఆయన కత్తిరించి బాగుచేస్తాడు. కానీ మూడో వచనం ఎవరూ చదవరు. నేను చెప్పిన మాట వల్ల మీరు ఇప్పటికే పవిత్రులయ్యారని యేసు అక్కడే శిష్యులతో అంటాడు. అంటే తీగను బాగుచేసే కత్తెర ఆయన మాటే, వాక్యమే. అది మన కోపాన్ని, పేరాశను కోస్తుంది. ఆ వచనాల్లోకి చావును, కరువును తెచ్చింది మనమే. మీరేమంటారు?

రాప్తాడు తోట:
సగం ఒప్పుకుంటాను అన్నా. అయితే కష్టానికీ ఫలానికీ సంబంధమే లేదంటే ఎలా? శిక్ష అప్పటికి దుఃఖకరమే అయినా తర్వాత సమాధాన ఫలం ఇస్తుందని హెబ్రీ 12:11లో ఉంది. మనం చీనీ (బత్తాయి) పండించేవాళ్లం. బెట్ట పెట్టకుండా, అంటే కొన్నాళ్లు నీళ్లు ఆపకుండా, పూత బాగా రప్పించగలమా? దేవుడూ కొన్నాళ్లు నీళ్లు ఆపుతాడనే నా నమ్మకం. మా నాన్న పోయాకే నేను బైబిలు శ్రద్ధగా పట్టుకున్నాను. అది కూడా కాదంటారా?

గుత్తి చదువరి:
కాదనను తమ్ముడూ. అది నీ సాక్ష్యం, నిలబడి చెప్పుకో. పక్కింట్లో భర్తను పోగొట్టుకున్నామెకు దాన్ని అంటగట్టకు.

నార్పల సోదరి:
బెట్ట సంగతి ఎత్తారు కాబట్టి నేనూ మాట్లాడతాను. బెట్ట పెట్టిన రైతు రోజూ తోటలోకి వెళ్లి ఆకు చూస్తాడు. ఆకు వాడి ముడుచుకుని, కొంత రాలిందంటే నీళ్లు వదులుతాడు. తేలిక నేలలో తక్కువ రోజులు, నల్లరేగడిలో ఎక్కువ రోజులు. ఇదంతా ఆయన బోరులో నీళ్లున్నప్పటి మాట. బోరే ఎండితే అది బెట్ట కాదు, కరువు. అప్పుడు అదే రైతు అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్లు తోలుతాడు. అలా తోలినా దక్కని తోటలను నరికి కట్టెలకు అమ్ముకున్నవాళ్లు మన జిల్లాలో తక్కువేమీ కాదు. ఆ కట్టెల లోడు ముందు నిలబడి ‘ఇది కత్తిరింపు’ అనే ధైర్యం ఎవరికుంది?

ద్రాక్ష సంగతీ అంతే. మన వేడికి తీగ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కోస్తారు: వేసవిలో కొత్త పుల్ల పెరగడం కోసం, అక్టోబరు ప్రాంతంలో కాయ కోసం. పుల్లకు ఎన్ని కళ్లు (చిగురు మొగ్గలు) ఉంచాలో చూసి కోసి, కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు మందు పూస్తారు. వడగళ్లకు విరిగిన తీగను చూపించి ‘నేనే కోశాను’ అనే రైతు ఉండడు.

కర్నూలు సేవకుడు:
సోదరీ, ఆ ఇంట్లో కూర్చుంటే తెలుస్తుంది. ‘ఎందుకయ్యగారూ నాకే ఇలా?’ అని వాళ్లే అడుగుతారు. తెలియదని చెప్పి లేచి వస్తే ఆదరణ కూడిక దేనికి? పైగా అదే 15వ అధ్యాయం 20వ వచనంలో లోకం మిమ్మల్నీ హింసిస్తుందని యేసు ముందే చెప్పాడు. శ్రమ ఆ అధ్యాయానికి పరాయిది కాదు.

నార్పల సోదరి:
అయ్యగారూ, ఆయన పేరు కోసం పడే హింస వేరు, బోరు ఎండడం వేరు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13లో వస్తుంది. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కారని యేసు తేల్చేశాడు. ఆ వెంటనే చెప్పిందే అంజూరపు చెట్టు ఉపమానం. యజమాని మూడేళ్లు చూశాడు, కాయ లేదు, నరికేయమన్నాడు. తోటమాలి ‘ఈ ఏడాది కూడా ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను’ అన్నాడు. కూడికకు వెళ్లినవాళ్లు ఆ తోటమాలి పని చేయండి. ఆమె అప్పు ఎంత, పిల్లల ఫీజు ఎవరు కడుతున్నారు, అది అడగండి.

రాప్తాడు తోట:
ఎరువు మాటకు నేను సరే అక్కా. కత్తిరింపు మాట మాత్రం వదలను. ఇకమీదట నా గురించి చెప్పుకునేటప్పుడే వాడతాను.

కర్నూలు సేవకుడు:
ఫీజు సంగతి ఈ ఆదివారం సంఘ పెద్దల ముందు పెడతాను. ‘ఎందుకు’ అన్నదానికి మాత్రం నాకు ఇంకా జవాబు దొరకలేదు.