ఐవీఆర్‌లోనే ఆగిపోయిన కాల్‌ని పని అయిన కాల్‌గా లెక్కేయొచ్చా?

ఎంఐఎస్_మాదాపూర్:
మా దగ్గర ఒక క్లయింట్‌కి కొత్త ఐవీఆర్ (‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అని ఫోన్‌లో మాట్లాడే మెషీన్) వస్తోంది. రిపోర్టులు ఎలా ఉండాలో నన్ను రాసివ్వమన్నారు. ఏజెంట్ దాకా రాకుండా ఐవీఆర్‌లోనే ముగిసిన ప్రతి కాల్‌నీ ‘కంటెయిన్డ్’ కింద, అంటే పని అయిపోయినట్టే వేసెయ్యమని మేనేజర్ మాట. నాకు మనసొప్పడం లేదు. మీ దగ్గర ఎలా లెక్కేస్తున్నారు?

గచ్చిబౌలి_ఆపరేషన్స్:
మీ మేనేజర్ చెప్పిందే కరెక్ట్. ఏజెంట్ల మీద భారం తగ్గాలనే క్లయింట్ ఐవీఆర్ మీద డబ్బు పెడతాడు. వంద కాల్స్‌లో ఎన్ని మనిషి దాకా రాలేదన్నదే అతనికి కావాలి. ఏజెంట్ల సీట్లు ఎన్ని పెట్టాలో కూడా దాన్నిబట్టే. కస్టమర్ సంతోషపడ్డాడా లేదా అన్నది సర్వే చూసుకుంటుంది. ఒకే రిపోర్టులో అన్నీ కుక్కితే ఎవరూ తెరిచి చూడరు.

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
అన్నా, ఆ అంకెను నమ్మే మేం ఆరు నెలలు మోసపోయాం. పాత ఆఫీసు సంగతి, పేరొద్దు. డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉండేది, ఫ్లోర్‌లో మాత్రం ఏజెంట్లు రోజూ తిట్లు తినేవాళ్లు. ఒకరోజు కాల్ లాగ్‌ని టైమ్ ప్రకారం కాకుండా ఫోన్ నంబర్ ప్రకారం సార్ట్ చేశా. ఒకే నంబర్ నుంచి 10:02, 10:04, 10:07, 10:15కి కాల్స్. మొదటి మూడూ ‘కంటెయిన్డ్’, నాలుగోది ఏజెంట్‌కి వెళ్లింది.

మా దగ్గర ఐవీఆర్ భాగం కూడా రికార్డయ్యేది. విన్నా. పెద్దాయన గొంతు. కన్స్యూమర్ నంబర్ నొక్కమంటోంది మెషీన్. ‘ఆ చీటీ ఇట్లియ్యి... కళ్లజోడేదే?’ అంటున్నాడాయన. ‘మీరు ఏ అంకె నొక్కలేదు’ అని రెండుసార్లు చెప్పి, ధన్యవాదాలు చెప్పి మరీ కట్ చేసింది. మూడుసార్లూ ఇదే తంతు. ఒకే మనిషి, ఒకే బిల్లు, నాలుగు కాల్స్. మన లెక్కలో 75 శాతం కంటెయిన్‌మెంట్!

అందుకే మెనూ కట్టకముందే డెవలపర్లకు చెప్పండి. కాలర్ ఏ మెనూలోకి ఎప్పుడు వచ్చాడు, ఏం నొక్కాడు, ఏమీ నొక్కకపోతే ఎన్నిసార్లు, కాల్ కట్ చేసింది మెషీనా మనిషా... అన్నీ లాగ్‌లో పడాలి. బ్యాలెన్స్ పూర్తిగా విని పెట్టేసినవాడూ, భాష ఎంచుకునే చోటే విసుగెత్తి పెట్టేసినవాడూ ఒక్కటి కాదు. లైవ్ అయ్యాక అడిగితే కొత్త కాల్స్‌కే వస్తుంది, పాతవాటికి ఎక్కడినుంచి తెస్తారు?

గచ్చిబౌలి_ఆపరేషన్స్:
ఒక్క తాత కోసం లెక్కలన్నీ మార్చేస్తామా? పైగా నంబర్ ఒకటైనంత మాత్రాన సమస్య ఒకటి కాదు. ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్ నుంచి చేస్తారు. పొద్దున సిలిండర్ బుకింగ్‌కి, సాయంత్రం కంప్లైంట్‌కి. దాన్ని రిపీట్ కాల్ అంటారా?

పాతకాపు_నల్లకుంట:
ఆ పాయింట్ నిజమే. అందుకే నంబర్‌తో పాటు మెనూ కూడా కలిసినప్పుడే రిపీట్ అనాలి. కానీ సీట్ల మాటెత్తారు కాబట్టి చెప్తున్నా. డబ్ల్యూఎఫ్‌ఎం వాళ్లు (ఏ టైమ్‌కి ఎంతమంది ఏజెంట్లు కావాలో లెక్కేసేవాళ్లు) వాడే ఎర్లాంగ్ సీ సూత్రం కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చింది. అది కాల్స్ దేనికది విడిగా వస్తాయనీ, క్యూలో ఉన్నవాడు విసుగెత్తి పెట్టేయడనీ అనుకుంటుంది. మన పెద్దాయన 13 నిమిషాల్లో నాలుగుసార్లు చేశాడు. ఇలాంటివాళ్లు వందమంది ఉంటే మీ అంచనా గల్లంతే.

ఇంకోటి. టెలికాం కంపెనీలకైతే 90 సెకన్లలోపు 95 శాతం కాల్స్‌ని మనిషి ఎత్తాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. మీ క్లయింట్ ఎవరైనా సరే, గడియారం ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టుకోండి. మెనూలో మూడు నిమిషాలు తిరిగిన టైమ్ ఏజెంట్ రిపోర్టులో కనిపించదు.

సీతాఫల్‌మండి_అమ్మాయి:
మాట గుర్తుపట్టే బాట్ అయితే ‘అర్థం కాలేదు’కి వేరే కాలమ్ పెట్టండి ప్లీజ్. మన ఊళ్లో ఒక్క వాక్యంలోనే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. మా అమ్మ ‘ఏజెంట్’ అనదు, ‘మనిషినియ్యి బిడ్డా’ అంటది. బాట్ ఏమో ‘సారీ, మళ్లీ చెప్పండి’!

ఎంఐఎస్_మాదాపూర్:
థ్యాంక్స్ అందరికీ. మూడు కాలమ్స్ పెట్టా: పని పూర్తి, మధ్యలో కట్, తెలియదు. ‘తెలియదు’ తీసెయ్యమన్నాడు మేనేజర్, క్లయింట్ ప్రశ్నలేస్తాడట. నేను తియ్యలేదు. ఒక డౌట్: ట్రాన్స్‌ఫర్ అయిన కాల్ మాకు రెండు కాల్స్‌గా పడుతోంది.

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
ఏజెంట్ క్యూకి వెళ్లగానే కొత్త ఐడీ వేస్తోందన్నమాట. మొదటి ఐడీనే చివరిదాకా మోయమని వెండర్‌కి చెప్పు. అర్ధరాత్రి దాటే కాల్స్‌ని మొదలైన తేదీకే వెయ్యి, లేదంటే మా నైట్ షిఫ్ట్ లెక్క రెండు రోజుల మధ్య చీలిపోతుంది.

ఎంఐఎస్_మాదాపూర్:
వెండర్‌ని అడిగా. ఐడీ మోయడానికి ఎక్స్‌ట్రా చార్జి అట. కొటేషన్ సోమవారం పంపిస్తారట.