వంశధార, నాగావళిలో బార్జీలు నడిస్తే లారీల పోరు తప్పుతుందా?

నీలిరాయి (టెక్కలి):
చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. మా చుట్టుపక్కల క్వారీల గ్రానైటు దిమ్మలు విశాఖ పోర్టుకు పోయేది ట్రైలర్ల మీదే. ఒక్కో దిమ్మ పదిహేను, ఇరవై టన్నులు. క్రేను దాన్ని బండి మీదకు దించుతుంటే కుర్రాళ్లు కింద చెక్కముక్కలు దోపుతారు, పైన గొలుసు బిగిస్తారు. డ్రైవరు చుట్టూ తిరిగి గొలుసును కాలితో తన్ని చూసుకున్నాకే బండి కదుపుతాడు. ఆ బరువు జాతీయ రహదారి ఎక్కేలోపే మా ఊరి రోడ్డు గుల్లయిపోతోంది.

కేంద్రం చెప్పే లెక్కలో, టన్ను సరుకు ఒక కిలోమీటరు కదలడానికి రోడ్డు మీద 2.50 రూపాయలు, రైలులో 1.36, జలమార్గంలో 1.06. లీటరు ఇంధనంతో లారీ లాగేది 24 టన్ను-కిలోమీటర్లు, సరుకు మోసే పెద్ద చదును పడవ, అంటే బార్జీ, లాగేది 105. 2013-14లో జాతీయ జలమార్గాల మీద నడిచిన సరుకు 1.8 కోట్ల టన్నులు, 2024-25లో 14.5 కోట్ల టన్నులు. మనకు వంశధార ఉంది, నాగావళి ఉంది, 193 కిలోమీటర్ల తీరం ఉంది, మూలపేటలో పోర్టు కడుతున్నారు. అయినా 2016 చట్టం లెక్కలోకి తెచ్చిన 111 జాతీయ జలమార్గాల్లో మన నది ఒక్కటీ లేదు. ఉత్తరాంధ్ర అంటే ఇంత చిన్నచూపా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
చిన్నచూపు చాలా విషయాల్లో ఉంది గానీ ఇందులో లేదండీ. ఏప్రిల్‌లో ఒకసారి శ్రీకాకుళం పాత వంతెన మీద నిలబడి కిందికి చూడండి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుక, ఒక పక్కగా సన్నటి పాయ, అందులో గేదెలు. వాటికి మోకాళ్లు కూడా తడవవు. గంగ మీద ప్రపంచ బ్యాంకు అప్పుతో చేపట్టిన పనిలో 1500 నుంచి 2000 టన్నుల ఓడల కోసం 2.2 నుంచి 3 మీటర్ల లోతు నిలపాలని పెట్టుకున్నారు. గంగకే తవ్వుకుంటూ కూర్చోవలసి వస్తోంది.

మన రెండు నదులూ కలహండి కొండల్లో పుట్టి 250 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే సముద్రంలో పడతాయి. వాలు ఎక్కువ, వాన పడితే ఒక్కసారిగా వస్తాయి, వాన ఆగితే అంతే వేగంగా పోతాయి. బార్జీకి సరిపడా లోతు వచ్చేది వరద రోజుల్లో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెనకాలే వంశధార ఎలా వచ్చిందో చూసినవాళ్లు ఆ నీళ్లలో బార్జీ వదలమని ఎవరికీ చెప్పరు.

లాకుల వీధి (విజయనగరం):
మా తాతగారిది ధవళేశ్వరం దగ్గర ఊరు, కాలువ పడవ మీద సరంగు. ఆయన చెప్పిన మాటలు విని పెరిగినవాణ్ని కాబట్టి ఈ చర్చలో కాలు పెట్టకుండా ఉండలేను.

కాటన్ 1847 నుంచి 1852 మధ్య ఆనకట్ట కట్టించి కాలువలు తవ్వించినప్పుడు పొలంతో పాటు పడవనూ లెక్కలో పెట్టుకున్నాడు. అందుకే లాకులు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న షట్టర్లు ఎత్తగానే పైకాలువ నీళ్లు సుడులు తిరుగుతూ లోపలికి వస్తాయి. ధాన్యం బస్తాలతో నిండిన పడవ, ఎవరూ ముట్టుకోకుండానే గోడ వెంట పైకి లేస్తుంది. రెండు వైపులా నీళ్లు సమానమయ్యాక తలుపులు వాటంతట అవే వదులవుతాయి. నేనూ చిన్నప్పుడు చూశాను, ఇప్పటికీ అంత ముచ్చటైన యంత్రం ఇంకొకటి చూడలేదు.

కానీ అదే తాతగారు చెప్పిన ఇంకో సంగతి కూడా వినండి. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తే పడవలూ ఆగిపోయేవి. బల్లపరుపు డెల్టాలో, తవ్వి ఉన్న కాలువల్లోనే అది పరిస్థితి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలనూ, గోదావరి, కృష్ణలనూ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ముక్త్యాల, విజయవాడ మధ్య 82 కిలోమీటర్ల పని 2017లో మొదలుపెట్టారు. అయినా డెల్టా ధాన్యం దేని మీద పోతోందో రావులపాలెం దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. అక్కడే నడవని బండి హిరమండలంలో ఎలా నడుస్తుందండీ?

హిరమండలం రైతు:
నా ఊరి పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. గొట్టా బ్యారేజీ కింద రెండు కాలువలకూ కలిపి రెండు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. నాట్ల వేళకు చివరి భూములకు నీళ్లు అందక ఏటా గొడవే. ఒడిశాతో నీటి వాటా తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేస్తే తీర్పు రావడానికి 2017 అయింది. నేరడి దగ్గర బ్యారేజీ ఇంకా లేవలేదు. ఇప్పుడు పడవ తేలడానికి నదిలో నీళ్లు వదలాలంటే అవి ఎవరి పొలంలోవి? ముందు ఆ మాట చెప్పి తర్వాత బార్జీ మాట ఎత్తండి.

పలాస పప్పు:
జీడిపప్పు డబ్బాలు కూడా బార్జీలో వేయమంటారేమో. చెమ్మ తగిలితే కొనేవాడు ఉండడు. మమ్మల్ని ఇందులోంచి వదిలేయండి.

పాత గుమాస్తా (విజయనగరం):
ఉద్యోగమంతా సరుకు రవాణా ఆఫీసులో గడిచింది, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

నదుల సంగతి తేలిపోయింది, దాన్ని పక్కన పెడదాం. నీలిరాయి గారు చెప్పిన 14.5 కోట్ల టన్నులు ఎక్కడ నడుస్తున్నాయో ఎవరూ అడగలేదు. అందులో పెద్ద వాటా పడమటి తీరంలో, సముద్రపు పోటు లోపలికి ఎక్కే చోట్ల నడుస్తోంది. మహారాష్ట్రలో అంబా నది చూడండి. పెద్ద ఓడ బయట లంగరు వేస్తుంది, బార్జీలు బొగ్గు, ఇనుప ఖనిజం ధరమ్‌తర్ జెట్టీకి తెస్తాయి, ఉక్కు కర్మాగారం ఆ ఒడ్డునే డోల్విలో ఉంది. జెట్టీ దగ్గర దింపిన బొగ్గు మళ్లీ లారీ ఎక్కనక్కర్లేదు. గోవాలో మాండవి, జువారి నదుల మీద కూడా ఖనిజం ఇలాగే పోయేది. 2012లో గనులు ఆగిపోయాక ఆ బార్జీలు ఒడ్డున కట్టేసి ఉండిపోయాయి. నదిలో నీళ్లు అలాగే ఉన్నాయి, పోటూ అలాగే వచ్చింది, సరుకే లేకపోయింది.

ఇప్పుడు మీ గ్రానైటుకు లెక్క వేద్దాం. టెక్కలి నుంచి విశాఖకు సుమారు 160 కిలోమీటర్లు. రోడ్డుకూ నీటికీ తేడా టన్నుకు కిలోమీటరుకు 1.44 రూపాయలు. అంటే టన్నుకు మిగిలేది 230 రూపాయలు. బాగానే ఉంది. కానీ క్వారీ నుంచి జెట్టీ దాకా మీ ట్రైలరు ఎలాగూ కావాలి, మీ ఊరి రోడ్డు ఎలాగూ గుల్లవుతుంది. జెట్టీ దగ్గర క్రేనుతో ఎత్తాలి, విశాఖలో మళ్లీ ఎత్తాలి. ఆ క్రేను కిరాయి, జెట్టీ రుసుము, బార్జీ వచ్చేదాకా దిమ్మ ఎండలో పడి ఉన్న రోజుల వడ్డీ అన్నీ ఆ 230లోంచే రావాలి. పైగా రాయి ఎత్తిన ప్రతిసారీ అంచు చిట్లే భయం. అంచు చిట్లిన దిమ్మకు కొనేవాడు ఏ ధర చెబుతాడో మీకు నేను చెప్పాలా?

కేంద్రం 2024 డిసెంబరులో జలవాహక్ అని ఒక పథకం పెట్టింది. నడిపే ఖర్చులో 35 శాతం దాకా తిరిగి ఇస్తారు. అది గంగ, బ్రహ్మపుత్ర, బరాక్ నదుల మీద, అదీ 300 కిలోమీటర్లు దాటిన సరుకుకే. అంత దూరం పోతే తప్ప ఎక్కించిన, దింపిన ఖర్చు రాదని దాని అర్థం. మన దూరం అందులో సగం.

చివరగా అందరూ మరిచిపోయే మాట. మీ రాయి విశాఖలో దింపాక బార్జీ ఏమి వేసుకుని తిరిగి వస్తుంది? లారీ వాడైతే ఆటోనగర్‌లో రెండు రోజులు పడుకుని సిమెంటో, ఎరువో పట్టుకుని వస్తాడు. వెయ్యి టన్నుల బార్జీకి తిరుగు సరుకు ఎవరు ఇస్తారు?

నీలిరాయి:
గుమాస్తా గారూ, మీ లెక్క కాదనను గానీ మీరు విశాఖనే గమ్యం చేసుకున్నారు. మూలపేటకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. అది పూర్తయితే మా రాయి అక్కడే ఓడ ఎక్కవచ్చు. పెద్ద ఓడ రాని రోజుల్లో మూలపేట నుంచి విశాఖకో గంగవరానికో తీరం వెంట బార్జీ నడపవచ్చు. నదిలోనూ సముద్రపు అంచులోనూ తిరిగే నౌకలకు 2013లోనే విడిగా నిబంధనలు పెట్టారు. కళింగపట్నం, బారువ ఒకప్పుడు ఓడరేవులే కదా? ఓడ దూరంగా ఆగితే పడవలు సరుకు మోసేవి. మన తాతలు చేసిన పని మనం చేయలేమా?

భావనపాడు బోటు:
తాతలు చేశారు, ఎందుకు మానేశారో కూడా చెప్పండి. మా వైపు ఏ మొగ దగ్గరైనా, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట ఒక చోట ఉండదు. నైరుతి గాలి పడిన దగ్గర్నుంచి అల ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంది. విశాఖ పోర్టు వాళ్లే ఇసుక తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. నిన్న బోటు దాటిన దారిలో ఇవాళ అడుగు తగులుతుంది. మేము అల చూసుకుని, ఇంజను ఎత్తి, పక్కకు తోసుకుని ఒడ్డుకు వస్తాం. వెయ్యి టన్నుల రాయి వేసుకున్నవాడు అలా తోసుకుని వస్తాడా? అతని కోసం దారి తవ్వాలి, ఏటా తవ్వాలి. ఆ దారిలో మా వలలు ఉంటాయి. వల తెగితే పరిహారం ఎవరిస్తారో రాసిన కాగితం నేనింతవరకు చూడలేదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే బార్జీలను ఎక్కడ దాస్తారో అదీ చెప్పండి.

గరివిడి గేటు:
నేనొక్క మాట అడుగుతాను. ఆ లెక్కలో రైలుకు 1.36, నీటికి 1.06. తేడా ముప్పై పైసలు. ముప్పై పైసల కోసం నది తవ్వాలి, మొగ తవ్వాలి, జెట్టీ కట్టాలి, రైతుతో, మత్స్యకారుడితో తగువు పడాలి. 1890లలో ఈస్ట్ కోస్ట్ రైల్వే పడ్డాకే కదా కళింగపట్నం వెలవెలబోయింది. విజయనగరం నుంచి రాయపూర్ లైను 1931 నుంచి ఉంది, ఇప్పుడు టిట్లాగఢ్ దాకా మూడో లైను వేస్తున్నారు. మా వైపు మాంగనీసు, ఫెర్రో అల్లాయ్స్ సరుకు రైలు చూసే బతికింది. బార్జీ కావాలని మా ఊళ్లో ఎవరూ అడగగా వినలేదు, వ్యాగన్లు సమయానికి ఇవ్వమని మాత్రం అందరూ అడుగుతారు.

నీలిరాయి:
వ్యాగన్లు దొరికితే నేనీ ప్రశ్న వేసేవాణ్నే కాదు. రైలు వాళ్లకు రేకు, అంటే ఒక గూడ్సు బండి వ్యాగన్లన్నీ, నిండాలి. నాకు ఒక్కడికి రేకు నిండదు.

లాకుల వీధి:
రైను నది గురించి ఎవరో ఒకరు ఎత్తుతారని చూస్తున్నాను. ఎత్తేలోపు నేనే చెబుతాను. 2018లో వానలు లేక జర్మనీలో కౌబ్ దగ్గర నీటి మట్టం పాతిక సెంటీమీటర్లకు పడిపోయింది. బార్జీలు సగం సరుకు కూడా వేసుకోలేక, ఒడ్డున ఉన్న రసాయన కర్మాగారాలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. రైను ఏడాది పొడుగునా పారే నది.

పాత గుమాస్తా:
నీలిరాయి గారు చివర్లో అన్నది చూశారా, రేకు నిండదని. బార్జీ అంతకంటే చిన్నదేమీ కాదు. వెయ్యి టన్నులంటే మీ దిమ్మలు యాభైకి పైగా. బార్జీ ఉన్నవాడు మొదట అడిగే ప్రశ్న లోతు గురించి కాదు, నెలకు ఎన్ని టన్నులు రాసిస్తారని. అదే పత్రం చూపిస్తే రైల్వే వాళ్లూ మాట్లాడతారు. నౌపడ నుంచి మూలపేట పోర్టులోకి రైలు దారి అడగండి, లోపల గ్రానైటు కోసం ఒక యార్డు, దిమ్మ ఎత్తగల గ్యాంట్రీ క్రేను అడగండి. నౌపడ ఉప్పు వాళ్లనూ కలుపుకోండి. రాయి అయినా ఉప్పు అయినా క్వారీ నుంచో కొఠార్ల నుంచో ఒక్కసారి ఎక్కితే ఓడ దగ్గరే దిగాలి. అలా దిగిన తర్వాత అది బార్జీనా, ఓడనా అన్నది అప్పటి రేటు చూసుకుని తేల్చుకోవచ్చు. టెక్కలిలో ఎంతమంది క్వారీ యజమానులు అలా రాసిస్తారు?

నీలిరాయి:
రాసివ్వడమంటే కష్టమేనండీ. మా వాళ్లు కలిసి ఒక కాటా పెట్టుకోవడానికే ఒప్పుకోలేదు, ఎవరి రాయి ఎంత పోతోందో పక్కవాడికి తెలిసిపోతుందని. అయినా దసరా తర్వాత నలుగురినీ కూర్చోబెట్టి అడిగి చూస్తాను. హిరమండలం రైతు గారూ, మీ నదిలో నీళ్లు మాత్రం ఇక అడగను.

హిరమండలం రైతు:
అడిగినా ఇవ్వం లెండి.